గ్లవ్స్ జత ఒక్కటే: వలస వికెట్ కీపర్ ఏ దేశానికి ఆడతాడు?

2023 నవంబరు 12, దీపావళి రోజు బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో వరల్డ్ కప్ మ్యాచ్. భారత్ 410 పరుగులు చేసింది, నెదర్లాండ్స్ 250కి ఆలౌటైంది. ఆ 250లో అందరికంటే ఎక్కువగా 54 పరుగులు చేసినవాడు తేజ నిడమనూరు. పుట్టింది విజయవాడలో, పెరిగింది న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో. క్లబ్ క్రికెట్ కోసం, ఉద్యోగం కోసం నెదర్లాండ్స్ చేరాడు. మారతహళ్లి, కేఆర్ పురం, బెళ్లందూరు వైపున్న తెలుగువాళ్లలో ఆ పేరు తెరమీద చూసి "మన విజయవాడ అబ్బాయి వాళ్లకి ఎలా ఆడుతున్నాడు?" అని అడగనివాళ్లు తక్కువ.

ఆ మ్యాచ్‌లో అంతకంటే చిక్కు కథ ఉన్నవాడు మరొకడున్నాడు. అతని గురించి ఎవరూ పెద్దగా అడగలేదు. నెదర్లాండ్స్ కెప్టెన్, వికెట్ కీపర్ స్కాట్ ఎడ్వర్డ్స్ పుట్టింది పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దీవుల్లో, పెరిగింది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో. నాయనమ్మో అమ్మమ్మో ఎవరో ఒకరు డచ్ మనిషి కావడంతో ఆ దేశపు పాస్‌పోర్టు దొరికింది. చిన్నస్వామిలో అతణ్ని ఔట్ చేసిన బౌలర్ విరాట్ కోహ్లి, క్యాచ్ పట్టిన కీపర్ కేఎల్ రాహుల్. కోహ్లి వికెట్ సంబరంలో ఎడ్వర్డ్స్ ఎవరన్నది మరుగున పడిపోయింది. అంతకు నెల రోజుల ముందు ధర్మశాలలో దక్షిణాఫ్రికా మీద 78 పరుగులతో నాటౌట్‌గా నిలిచి తన జట్టును గెలిపించిందీ ఇతనే.

వలస వెళ్లిన బ్యాట్స్‌మన్ కంటే, బౌలర్ కంటే వలస వెళ్లిన వికెట్ కీపర్ జీవితం ఎందుకు కష్టమో, అయినా కీపర్లే ఎందుకు ఇంతమంది దేశాలు మారారో ఈ వ్యాసంలో విప్పిచెప్పాలని నా ప్రయత్నం. దేశం మారిన ఆటగాణ్ని చూడగానే మనం దేశభక్తి ఎంత అని కొలుస్తాం. కీపర్ విషయంలో ఆ కొలత పనికిరాదని నేను గట్టిగా నమ్ముతాను. అతని జీవితాన్ని నడిపించేవి రెండు: జట్టులో అతనికి ఉన్నది ఒక్కటే స్థానం కావడం, కాగితాల మీద రాసిన కొన్ని నిబంధనలు.

ముందు నిబంధనలు చూద్దాం. ఒక దేశానికి ఆడాలంటే అంతర్జాతీయ క్రికెట్ మండలి, అంటే ఐసీసీ, మూడింటిలో ఏదో ఒకటి చూపించమంటుంది. ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా ఆ దేశ పౌరుడై ఉండాలి, లేదా గత మూడేళ్లుగా ఆ దేశంలోనే స్థిరనివాసం ఉండాలి. ఇదివరకు ఈ నివాసం లెక్క నాలుగేళ్లు. ఒకటి ఉంటే చాలు, మూడూ అక్కర్లేదు. ఎడ్వర్డ్స్‌ది పౌరసత్వపు దారి. అమెరికా జట్టు స్పిన్నర్ నోస్తుష్ కెంజిగెది పుట్టుక దారి: అలబామాలో పుట్టి, పసితనంలోనే కర్ణాటక వచ్చి, బెంగళూరులో ఇంజనీరింగ్ చదివి, ఇక్కడి లీగుల్లో ఆడి, మళ్లీ పుట్టిన దేశానికి వెళ్లి ఆ జెర్సీ వేసుకున్నాడు. చెన్నైలో పుట్టి దుబాయ్‌లో పెరిగిన వృత్య అరవింద్‌ది నివాసం దారి. యూఏఈ జట్టుకు వికెట్ కీపింగ్ చేసినవాడు అతను. అక్కడి పౌరసత్వం బయటివాళ్లకు దాదాపుగా దొరకదు, అందుకే ఆ జట్టులో చాలామంది భారత, పాకిస్థాన్ పాస్‌పోర్టులతోనే ఏళ్లుగా ఆడుతున్నారు. 2022 ఫిబ్రవరిలో ఒమన్‌లో జరిగిన టీ20 వరల్డ్ కప్ క్వాలిఫయర్‌లో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ వృత్యకే వచ్చింది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఐసీసీ చెప్పేది కనీస నిబంధన మాత్రమే. ఏ దేశపు బోర్డు అయినా దాన్ని ఇంకా బిగించుకోవచ్చు. ఇంగ్లండ్ కొంతకాలం ఏడేళ్ల నివాసం అడిగింది, 2018 చివర్లో మూడేళ్లకు తగ్గించింది. మన బీసీసీఐ అయితే భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లనే తీసుకుంటుంది. మన చట్టం ప్రకారం మరో దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణంలో భారత పౌరసత్వం పోతుంది కాబట్టి, ఇక్కణ్నుంచి వెళ్లి పౌరసత్వం మార్చుకున్న ఆటగాడికి తిరుగుదారి ఉండదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఇంటికి రానిస్తుందే గాని, భారత జట్టులోకి రానివ్వదు. అమెరికాలో నివాసం దారిన వచ్చేవాళ్లు మూడేళ్లపాటు ఏటా పది నెలలు అక్కడే గడపాలన్న లెక్క ఉంది. వీసా స్టాంపుల తేదీలు, దేశంలో ఉన్న రోజులు లెక్కపెట్టుకోవడం అలవాటైన సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ కీపర్‌కీ మిగతావాళ్లకీ తేడా లేదు. తేడా మైదానంలోకి దిగాకే మొదలవుతుంది. జట్టులో బ్యాట్స్‌మెన్‌కి ఆరు స్థానాలుంటాయి, బౌలర్లకు నాలుగైదు ఉంటాయి. కీపర్‌కి ఒక్కటే. ఆ ఒక్కదాన్ని ఎవరైనా పట్టుకుంటే పదేళ్లు వదలకపోవచ్చు. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన దినేశ్ కార్తీక్ కథ మనందరికీ తెలిసిందే. ధోనీ కంటే ముందే, 2004 సెప్టెంబరులో లార్డ్స్‌లో, కార్తీక్ భారత జెర్సీ వేసుకున్నాడు. టెస్టుల్లోకీ ముందే వచ్చాడు. 2005 డిసెంబరులో ధోనీ తొలి టెస్టు ఆడింది కార్తీక్ సొంతూరు చెన్నైలోని చెపాక్ మైదానంలోనే. ఆ తర్వాత 2014 దాకా టెస్టు గ్లవ్స్ ధోనీ చేతుల్లోనే ఉన్నాయి. కార్తీక్ ఓపెనర్‌గా ఆడాడు, మధ్య వరుసలో ఆడాడు, చివరి ఓవర్ల బ్యాట్స్‌మన్ అయ్యాడు. ఏది మారినా కీపర్‌గా తన వంతు వచ్చేది మాత్రం ధోనీ లేనప్పుడే.

విశాఖపట్నం కీపర్ కేఎస్ భరత్ ఎదురుచూపు ఇంకో రకం. 2021 నవంబరులో కాన్పూర్ టెస్టులో వృద్ధిమాన్ సాహా మెడ పట్టేయడంతో, తుది పదకొండు మందిలో లేని భరత్ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి గ్లవ్స్ తొడిగాడు. సబ్‌స్టిట్యూట్ కీపింగ్ చేయొచ్చని 2017లోనే చట్టాలు మార్చారు, అంతకుముందు అదీ కుదిరేది కాదు. ఆ రోజు భరత్ రెండు క్యాచ్‌లు పట్టాడు, 95 దగ్గరున్న టామ్ లేథమ్‌ను స్టంప్ చేశాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. అయినా అది అతని టెస్టుగా లెక్కకు రాలేదు. సొంత టెస్టు కోసం 2023 ఫిబ్రవరి దాకా ఆగాడు, అదీ రిషభ్ పంత్ కారు ప్రమాదంలో గాయపడి మంచాన పడ్డాకే. ఒకరి గాయం మీద ఆధారపడి తన తలుపు తెరుచుకోవడం ఎంత ఇబ్బందికరమైన ఆశో ఏ కీపర్‌ని అడిగినా చెబుతాడు.

ఇప్పుడు వెస్టర్న్ ఆస్ట్రేలియా రాష్ట్ర రాజధాని పెర్త్ వెళదాం. వలస కీపర్ల కథ అర్థం చేసుకోవడానికి ప్రపంచంలో ఆ ఊరికి మించింది లేదు.

1994లో న్యూ సౌత్ వేల్స్ కుర్రాడు ఆడమ్ గిల్‌క్రిస్ట్ సొంత రాష్ట్రంలో గ్లవ్స్ దొరక్క దేశానికి అటు చివరనున్న వెస్టర్న్ ఆస్ట్రేలియాకు వలస వెళ్లాడు. న్యూ సౌత్ వేల్స్ కీపర్ స్థానం ఫిల్ ఎమెరీది. పెర్త్‌లో గిల్‌క్రిస్ట్ వల్ల చోటు పోయినవాడు అక్కడి జనం ఎంతో ఇష్టపడే టిమ్ జోరర్. దాంతో గిల్‌క్రిస్ట్‌ను మొదట్లో సొంత మైదానంలోనే ప్రేక్షకులు గేలి చేశారు. దేశం కూడా దాటలేదు, రాష్ట్రం మారితేనే ఇంత. తర్వాత అతను అప్పటి ఆస్ట్రేలియా కీపర్ ఇయాన్ హీలీ వెనక ఆగి, 1999 నవంబరులో టెస్టుల్లోకి వచ్చి, 2008 ఆరంభం దాకా ఎవరికీ సందు ఇవ్వలేదు.

అతని వెనక పెర్త్‌లో క్యూ కట్టినవాళ్లలో ర్యాన్ కాంప్‌బెల్ ఒకడు. ఆస్ట్రేలియాకు 2002లో ఆడింది రెండే రెండు వన్డేలు. క్రికెట్ అయిపోయిందనుకున్నాక హాంకాంగ్ చేరాడు. 2016 టీ20 వరల్డ్ కప్‌లో నాగ్‌పూర్‌లో ఆ జట్టుకు ఆడినప్పుడు అతని వయసు 44, అప్పటికి టీ20 అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో అంత పెద్ద వయసులో తొలి మ్యాచ్ ఆడినవాడు లేడు. ఆ తర్వాత నెదర్లాండ్స్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. స్కాట్ ఎడ్వర్డ్స్ అంతర్జాతీయ కీపర్‌గా ఎదిగింది అతని చేతికిందే. అంటే చిన్నస్వామిలో మనం చూసిన ఆ కీపర్ వెనక పెర్త్ క్యూలో వంతు రాక బయటికొచ్చిన మనిషి కష్టం ఉంది.

కాంప్‌బెల్ వెనక నిలబడినవాడు లూక్ రోంకి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారాన్ని ఒక్క జీవితంలో చూపించగల ఆటగాడు అతనే. 1981లో న్యూజిలాండ్‌లోని డానెవర్క్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం పెర్త్ వచ్చేసింది. ఆస్ట్రేలియా కుర్రాడిగానే పెరిగాడు, కీపింగ్ అక్కడే నేర్చుకున్నాడు. సొంత రాష్ట్రంలో ముందు గిల్‌క్రిస్ట్, కాంప్‌బెల్. గిల్‌క్రిస్ట్ తప్పుకున్నాక దేశం జట్టులో బ్రాడ్ హాడిన్. 2008లో వెస్టిండీస్ పర్యటనలో హాడిన్ వేలు విరిగింది కాబట్టి రోంకికి పిలుపొచ్చింది. సెయింట్ కిట్స్‌లో 28 బంతుల్లో 64 కొట్టాడు. హాడిన్ వేలు నయమైంది. రోంకి మళ్లీ బయటే. ఆస్ట్రేలియాకు మొత్తం నాలుగు వన్డేలు, మూడు టీ20లు. 2009 మొదట్లో ఆ ఖాతా మూతపడింది. తర్వాత ఫామ్ పోయింది, రాష్ట్ర జట్టులోనే చోటు కష్టమైంది.

అప్పుడు అతను పుట్టిన దేశం వైపు చూశాడు. 2012లో వెల్లింగ్టన్ చేరాడు. పుట్టుక దారిన న్యూజిలాండ్‌కు అర్హత ఎప్పుడూ ఉంది, కానీ మధ్యలో ఇంకో నిబంధన అడ్డం. ఆస్ట్రేలియా లాంటి టెస్టు దేశానికి ఆడినవాడు ఇంకో దేశానికి ఆడాలంటే, చివరి మ్యాచ్ తర్వాత అప్పటి లెక్కన నాలుగేళ్లు ఖాళీగా ఉండాలి. ఇప్పుడది మూడేళ్లు. 2009 మొదట్లో ఆఖరి మ్యాచ్, 2013 మేలో ఇంగ్లండ్ మీద న్యూజిలాండ్ జెర్సీ. మధ్య కాలమంతా ఆ నిబంధనకే పోయింది. ఆస్ట్రేలియాకు ఆడి ఆ తర్వాత న్యూజిలాండ్‌కు ఆడిన మొదటి మనిషి అతను. వయసు అప్పటికి 32. కీపర్ మోకాళ్లకు అది చిన్న వయసేమీ కాదు.

2015 జనవరిలో డ్యూనెడిన్‌లో శ్రీలంక మీద ఏడో నంబరులో వచ్చి 99 బంతుల్లో 170 నాటౌట్. గ్రాంట్ ఇలియట్‌తో కలిసి విడిపోకుండా జోడించిన 267 పరుగులు ఆరో వికెట్‌కు వన్డేల్లో ప్రపంచ రికార్డు. ఇలియట్ కూడా వలసదారుడే, దక్షిణాఫ్రికాలో పుట్టినవాడు. రెండు నెలల తర్వాత మెల్‌బోర్న్‌లో వరల్డ్ కప్ ఫైనల్. న్యూజిలాండ్ కీపర్ రోంకి, ఆస్ట్రేలియా కీపర్ హాడిన్. ఏడేళ్ల కిందట ఎవరి వేలు విరిగితే రోంకికి దారి తెరుచుకుందో, అదే హాడిన్. రోంకి సున్నాకి ఔటయ్యాడు, ఆస్ట్రేలియా గెలిచింది. ఆ స్కోరుకార్డులో రోంకి పేరు పక్కన సున్నా చూసినప్పుడల్లా నాకు దాని వెనకున్న ఏళ్లు గుర్తొస్తాయి. ఫైనల్లో ఆడటం అనే ఒక్క రోజు కోసం అతను దాటిన దూరం ఏ అంకెలోనూ కనబడదు.

పెర్త్ కథ అక్కడితో ఆగలేదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పుట్టి 14 ఏళ్లకు కుటుంబంతో పెర్త్ వచ్చిన జాష్ ఇంగ్లిస్ ఇప్పుడు ఆస్ట్రేలియా కీపర్లలో ఒకడు. మన విశాఖపట్నం మైదానానికి అతను బాగా గుర్తు: 2023 నవంబరు 23న అక్కడ భారత్ మీద 50 బంతుల్లో 110 కొట్టాడు. రింకూ సింగ్ చివర్లో గెలిపించకపోయి ఉంటే ఆ రాత్రి అతనిదే అయ్యేది. 2025 ఫిబ్రవరిలో లాహోర్‌లో ఛాంపియన్స్ ట్రోఫీలో పుట్టిన దేశం ఇంగ్లండ్ మీదే 120 నాటౌట్‌తో 352 లక్ష్యాన్ని ఛేదించాడు. లీడ్స్‌లోనే ఉండిపోయి ఉంటే అతనికి ఇంగ్లండ్ కీపర్లు జాస్ బట్లర్, జానీ బెయిర్‌స్టో వెనక ఎన్నేళ్లు పట్టేదో.

బట్లర్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో ముడి కూడా విప్పాలి. వలస వచ్చినవాడు స్థానికుడి చోటు లాక్కుంటాడా? ఒక్కోసారి అవును. క్రెయిగ్ కీస్వెటర్ జోహనెస్‌బర్గ్‌లో పుట్టాడు. దక్షిణాఫ్రికా తరఫున 2006 అండర్-19 వరల్డ్ కప్ ఆడాడు. ఇంగ్లండ్ చేరి నివాసపు గడువు పూర్తికాగానే 2010లో ఆ దేశ జట్టులోకి వచ్చాడు. అదే ఏడాది మేలో బార్బడోస్‌లో ఆస్ట్రేలియాపై టీ20 వరల్డ్ కప్ ఫైనల్లో 63 పరుగులు చేసి ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. ఇంగ్లండ్ పురుషుల జట్టుకు అది తొలి ఐసీసీ ట్రోఫీ. సోమర్‌సెట్ కౌంటీలో కూడా కీపర్ అతనే. ఆ కౌంటీ గడ్డ మీద పుట్టిన బట్లర్‌కి గ్లవ్స్ దొరక్క, 2014 సీజన్‌కి లాంకషైర్ వెళ్లిపోవాల్సి వచ్చింది. విధి ఏమిటంటే, ఆ సీజన్‌లోనే హెల్మెట్ సందులోంచి దూసుకొచ్చిన బౌన్సర్ కీస్వెటర్ కంటికి, ముక్కుకి తగిలింది. చూపు మునుపటిలా రాలేదు. 27 ఏళ్లకే ఆట వదిలేశాడు. వలస వచ్చినవాడు గెలిచాడనీ స్థానికుడు ఓడాడనీ ఇద్దరి మధ్య గీత గీయడం నాకు సాధ్యం కాదు.

దేశం మారితే కాగితాలు మారతాయి, కాని కీపర్ చేతులు కూడా మారాలి. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పెర్త్ పిచ్ మీద బంతి ఛాతీ ఎత్తుకి లేస్తుంది, కీపర్ వికెట్లకు చాలా దూరంగా నిలబడి, గాల్లోంచి వచ్చే బంతిని అందుకోవాలి. చెపాక్‌లో అదే కీపర్ స్పిన్నర్‌కి స్టంప్స్ పక్కనే కూర్చుని, మోకాలి కిందుగా తిరిగే బంతితో పాటే లేవాలి. ముందే లేస్తే బై పోతుంది. ఇంగ్లండ్‌లో వాడే డ్యూక్స్ రకం బంతి బ్యాట్‌ను దాటాక గాలిలో ఊగడం మొదలుపెడుతుంది, చివరి క్షణంలో అరచేతిని తప్పించుకుంటుంది. ఒక దేశంలో పదిహేనేళ్లు సాధన చేసిన పాదాల కదలిక ఇంకో దేశంలో తప్పు కదలిక అవుతుంది. బ్యాట్స్‌మన్ తప్పు చేస్తే ఔటై పెవిలియన్‌కి వెళతాడు. కీపర్ క్యాచ్ వదిలేస్తే, ఆ బ్యాట్స్‌మన్ ఎన్ని పరుగులు చేస్తే అన్నీ అతని ఖాతాలో రాస్తారు. వలస వచ్చినవాడైతే ఆ రాత నాలుగింతలు.

జెరైంట్ జోన్స్ దీనికి సాక్షి. పపువా న్యూ గినీలో వేల్స్ తల్లిదండ్రులకు పుట్టి, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పెరిగి, ఇంగ్లండ్ చేరి, 2004లో ఆ దేశపు టెస్టు కీపర్ అయ్యాడు. తప్పించింది క్రిస్ రీడ్‌ను, చేతి నైపుణ్యంలో అతనే మేలని చాలామంది అనేవారు. జోన్స్ బ్యాటింగ్ మెరుగు కాబట్టి అతణ్నే ఆడించారు. ఆ విమర్శ ఏనాడూ ఆగలేదు. 2005 ఎడ్జ్‌బాస్టన్ టెస్టులో ఆస్ట్రేలియాకు గెలవడానికి మూడు పరుగులే కావాల్సి ఉండగా, లెగ్ సైడ్ ఎగిరి కాస్ప్రోవిచ్ క్యాచ్ పట్టింది జోన్సే. ఇంగ్లండ్ రెండు పరుగుల తేడాతో గెలిచింది, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మధ్య జరిగే ఆ యాషెస్ సిరీస్ కూడా వాళ్లదే అయింది. అయినా 34 టెస్టుల తర్వాత, 2006 డిసెంబరులో పెర్త్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ సున్నాలతో అతని టెస్టు జీవితం ముగిసింది. మళ్లీ పెర్తే. ఆ తర్వాత అతను పుట్టిన దేశానికి వెళ్లాడు. 2014 నవంబరులో పపువా న్యూ గినీ తన మొట్టమొదటి వన్డేలు ఆడినప్పుడు, హాంకాంగ్ మీద రెండింటికి రెండూ గెలిచినప్పుడు, ఆ జట్టులో 38 ఏళ్ల జోన్స్ ఉన్నాడు.

ఇప్పటిదాకా చెప్పినవాళ్లలో ఎక్కువమంది పెద్ద జట్ల మధ్య తిరిగినవాళ్లు. చిన్న జట్టుకు వలస వెళ్లిన మనవాడి పరిస్థితి వేరు. ఢిల్లీలో పుట్టి, 11 ఏళ్లకు కెనడా వెళ్లిన ఆశిష్ బగాయ్ ఆ దేశానికి 2003, 2007, 2011 మూడు వరల్డ్ కప్‌ల్లో కీపింగ్ చేశాడు. 2011లో కెప్టెన్ కూడా. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూనే అంతర్జాతీయ క్రికెట్ ఆడినవాడు. ఆ వరల్డ్ కప్‌లో కెన్యాను సొంతూరు ఢిల్లీలో ఓడించిన రోజు 64 నాటౌట్, ముంబయిలో న్యూజిలాండ్ మీద 84. కెనడా ఆఖరి మ్యాచ్ మార్చి 16న, ఇదే చిన్నస్వామిలో, ఆస్ట్రేలియాతో. బెంగళూరులో ఉండే తెలుగు క్రికెట్ అభిమానులు చాలామంది ఆ మ్యాచ్‌కి టికెట్టు సులువుగా దొరికిందనే గుర్తుంచుకున్నారు. కెనడా ఆ తర్వాత మళ్లీ ఇప్పటిదాకా వన్డే వరల్డ్ కప్ చూడలేదు.

కారణం బగాయ్ ఆటలో లేదు, ఐసీసీ లెక్కల్లో ఉంది. 2011లో వరల్డ్ కప్‌కి 14 జట్లు. 2019, 2023 టోర్నీలకు పదికి కుదించారు. కెనడా 2014లో వన్డే హోదానే పోగొట్టుకుని, 2023లో గాని తిరిగి తెచ్చుకోలేకపోయింది. తొమ్మిదేళ్లంటే ఒక కీపర్ మొత్తం ఆట జీవితం. బగాయ్ తర్వాత వచ్చిన కెనడా కీపర్లు ఎంత బాగా ఆడినా, ఆ మధ్యకాలంలో వాళ్ల పరుగులూ క్యాచ్‌లూ వన్డే లెక్కల్లోకి ఎక్కలేదు.

ఇందులోనే నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచే నిబంధన ఒకటుంది. రోంకి నాలుగేళ్లు ఆగాడు కదా, అదంతా పెద్ద దేశం నుంచి బయటికి వచ్చేవాడికే. చిన్న దేశానికి ఆడుతున్నవాణ్ని పెద్ద దేశం తీసుకోవాలంటే, ఆ విరామం అక్కర్లేదు. ఇయాన్ మోర్గాన్ 2009 ఏప్రిల్‌లో ఐర్లండ్‌కి ఆడాడు, మే నెలలో ఇంగ్లండ్‌కి ఆడాడు. సింగపూర్‌కి ఆడిన టిమ్ డేవిడ్ మూడేళ్లు నిండకుండానే ఆస్ట్రేలియా జట్టులోకి వచ్చాడు. చిన్న జట్టు తన ఒక్క మంచి కీపర్‌ని పదేళ్లు పెంచి పెద్ద చేస్తుంది, ఒక్క ఫోన్‌కాల్‌తో పోగొట్టుకుంటుంది. ఎదురు దిశలో ఎవరైనా వద్దామంటే మాత్రం మూడేళ్ల గేటు వేసి ఉంటుంది. ఆటగాడికి స్వేచ్ఛ ఉండాల్సిందే, కాదనను. ఆ స్వేచ్ఛ రెండు వైపులా ఒకేలా ఉండాలి.

అమెరికా కథ దీనికి కాస్త భిన్నంగా మొదలైంది. 2019 జనవరి నుంచి ఐసీసీ సభ్యదేశాలన్నిటి పురుషుల జట్ల మధ్య జరిగే టీ20లకు అంతర్జాతీయ హోదా ఇచ్చారు. మహిళలకు 2018 జులైలోనే ఇచ్చారు. గుజరాత్‌లోని ఆనంద్‌లో పుట్టి, గుజరాత్ జూనియర్ జట్లకు ఆడి, అమెరికా చేరిన మోనాంక్ పటేల్ ఆ 2019లోనే అంతర్జాతీయ కీపర్ అయ్యాడు. 2024 జూన్ 6న టీ20 వరల్డ్ కప్‌లో, డల్లాస్‌లో కెప్టెన్‌గా, కీపర్‌గా పాకిస్థాన్ మీద 38 బంతుల్లో 50 కొట్టాడు. మ్యాచ్ 159 దగ్గర టై అయింది. టై అయితే ఆడించే అదనపు ఓవర్లో, అంటే సూపర్ ఓవర్లో, అమెరికా చేసిన 18లో ఏడు పరుగులు ఎక్స్‌ట్రాలే, వైడ్ బంతి కీపర్ దగ్గరికి వెళ్లేలోగా పరిగెత్తి తీసినవి అందులో ఉన్నాయి. ఒక కీపర్ నడిపే జట్టు, ఎదుటి కీపర్ చేతుల్లో బంతి ఉన్న క్షణాన్ని కూడా వాడుకుంది. కాని మోనాంక్‌కి భుజం నొప్పి వచ్చి న్యూయార్క్‌లో భారత్‌తో మ్యాచ్ ఆడలేకపోయాడు. పుట్టిన దేశం మీద ఆడే రోజు అలా చేజారింది. అతని తర్వాత ఆ టోర్నీ రెండో దశ సూపర్ ఎయిట్‌లో దక్షిణాఫ్రికా మీద 80 నాటౌట్ కొట్టిన ఆండ్రీస్ గౌస్ కూడా కీపరే, అతను పుట్టింది దక్షిణాఫ్రికాలోనే. జట్టులో ఒకటే స్థానం, ఆ స్థానానికి ఇద్దరు వలస కీపర్లు. 2012 అండర్-19 వరల్డ్ కప్ ఫైనల్లో ఉన్ముక్త్ చంద్‌తో కలిసి భారత్‌ని గెలిపించిన కీపర్ స్మిత్ పటేల్ కూడా 2021లో ఇక్కడి క్రికెట్‌కి వీడ్కోలు చెప్పి అదే దేశం వెళ్లాడు. క్యూ తప్పించుకుందామని వెళితే, అక్కడా క్యూ ఏర్పడింది.

మహిళల వైపు చూస్తే వలసకు కారణమే వేరు. ఉమ్మడి నల్గొండ జిల్లాకు చెందిన సింధూజ రెడ్డి హైదరాబాద్ జట్టుకు ఆడిన కీపర్. పెళ్లయ్యాక అమెరికా వెళ్లింది, 2017లో స్కాట్లండ్‌లో జరిగిన క్వాలిఫయర్‌కి ఆ దేశం జట్టులో ఎంపికైంది. అప్పటికింకా ఆ మ్యాచ్‌లకు టీ20 అంతర్జాతీయ హోదా లేదు. పెళ్లితో, భర్త ఉద్యోగంతో ఊరు మారి ఆట వదిలేసిన అమ్మాయిలు మన చుట్టూ ఎంతమందో. ఆమె వదల్లేదు. తెలుగు పత్రికలు అప్పట్లో ఒక వార్త రాసి ఊరుకున్నాయి. అది చాలదు.

బెంగళూరులో క్రికెట్ అకాడమీలకు పిల్లల్ని పంపే తెలుగు తల్లిదండ్రులకు ఇదంతా దూరపు ముచ్చట కాదు. పుట్టింది అనంతపురంలోనో కర్నూలులోనో, చదివేది వైట్‌ఫీల్డ్‌లో. ఏ రాష్ట్రానికి ఆడాలి? అక్కడా పుట్టుక, చదువు, నివాసం కాగితాలే అడుగుతారు. బాబు బ్యాట్స్‌మన్ అయితే ఏదో ఒకచోట సర్దుకోవచ్చు. గ్లవ్స్ తొడిగేవాడైతే మాత్రం ముందు రెండు రాష్ట్రాల్లోనూ అదే వయసులో ఉన్న కీపర్లు ఎవరో తెలుసుకుని ఆ తర్వాత నిర్ణయించుకోవడం మేలు. గిల్‌క్రిస్ట్ చేసింది సరిగ్గా అదే.

రాబోయే రోజుల్లో ఇంకో చిక్కు ముడి ఉంది. 2027 వన్డే వరల్డ్ కప్ మళ్లీ 14 జట్లతో జరుగుతుంది, చిన్న దేశాల కీపర్లకు అది మంచి మాటే. కాని 2028 జులైలో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది, పురుషులకు ఆరు జట్లు, మహిళలకు ఆరు. అక్కడ ఐసీసీ మూడు దారులు పనిచేయవు. ఒలింపిక్ చార్టర్ ప్రకారం ఆటగాడు ఆ దేశ పౌరుడై తీరాలి. మూడేళ్ల నివాసం చూపించి ఆడుతున్నవాళ్లకు, గ్రీన్ కార్డుతో ఆడుతున్నవాళ్లకు ఆ తలుపు మూసే ఉంటుంది. అమెరికాలో గ్రీన్ కార్డు వచ్చాక పౌరసత్వానికి సాధారణంగా ఐదేళ్లు పడుతుంది. భారత్ నుంచి వెళ్లిన కీపర్ ఆ పౌరసత్వం తీసుకుంటే భారత పాస్‌పోర్టు వదులుకోవాలి. వరల్డ్ కప్‌లో అమెరికా గ్లవ్స్ తొడిగినవాడు సొంత దేశంలో జరిగే ఒలింపిక్స్‌లో ప్రేక్షకుడిగా కూర్చునే పరిస్థితి రావచ్చు, అతని స్థానంలో పాస్‌పోర్టు ఉన్న రెండో కీపర్ ఆడవచ్చు. ఇన్నాళ్లూ వెనక క్యూలో నిలబడిన ఆ రెండో కీపర్‌కి అది మొదటి పిలుపు అవుతుంది.